వెనుకకు తిరుగని చక్రము

ధర్మవరమున నేతవీధులవెంట ప్రొద్దుననే నడచువారికి ప్రతియింటినుండియు రెండు చప్పుడులు వినవచ్చును. పేకను పడుగునకు బిగించుచు అచ్చు కొట్టుకొను చప్పుడు మొదటిది. ఇది యెడతెగక సాగుచుండును. రెండవది యెప్పుడో గాని వినబడదు. నేసిన బట్ట జానెడో మూరెడో కాగానే నేతపనివాడు చేయి చాచి దానిని తన యెదుటనున్న దోనెకు చుట్టును. అప్పుడు దోనె కొననున్న పండ్లచక్రముమీద చిన్న యినుపకొక్కెము టక్కు టక్కుమని పలుకును. ఆ చప్పుడు నిలిచినతోడనే మరల మొదటి చప్పుడు సాగును.

ఆ చిన్న చప్పుడే నేటి మా వ్యాసమునకు విషయము. ఇంత స్వల్పవిషయమునకు సంపాదకీయ మేల యని పాఠకులు ప్రశ్నింపవచ్చును. కొంచె మోపిక పట్టుడని కోరుచున్నాము. ధర్మవరపు మగ్గమునకును, హిందూపురపు పట్టుగూళ్ల సంతకును, పెనుకొండ చెంత వెలసిన మోటారుకార్ల కర్మాగారమునకును, దత్తమండలముల పూర్వచరిత్రకును ఆ చప్పుడుతో సంబంధము గలదు. నేతపనివాని బ్రదుకు నేటికిని ఏల చక్కబడకున్నదో ఆ చక్రమే మనకు చెప్పగలదు.

మొదట యంత్రమును చూతము. ఆ చక్రముపండ్లు రంపపుపండ్లవలె నొకవైపునకు వాలియుండును. ప్రతిపంటికిని ఒకప్రక్క ఏటవాలు, రెండవప్రక్క నిట్టనిలువు. కొక్కెము పండ్లమీద నానుకొని యుండును. చక్రము ముందునకు తిరిగినపుడు కొక్కెము ఏటవాలుమీదుగా జారి, ఆవలి పల్లములో పడును. టక్కుమను చప్పు డదియే. వెనుకకు తిరుగబోయినచో నిట్టనిలువు ప్రక్క కొక్కెమునకు తగిలి నిలిచిపోవును. కావున చక్రమున కొకే దిక్కు గలదు. పడుగు ఎంత బిగువుగా లాగినను చుట్టిన బట్ట వీడదు. నేతపనివాడు భోజనమునకు లేచిపోయినను, రాత్రి నిదురించినను, అతడు పగలు చేసిన పనిలో ఒక్క యంగుళమైనను వెనుకకు పోదు. పాత గుంటమగ్గములలో దోనెకు తొలిచిన రంధ్రమున కర్రను దూర్చి ఈ పనినే చేయించిరి. రూపము వేరు, యుక్తి యొకటియే.

దీనికి పాశ్చాత్యు లిడిన పేరు రాచెట్. మన పట్టణములలోని మెకానిక్కు షెడ్లలో ఈ మాట నెరుగని పిల్లవాడు లేడు. అయిన నా పదమెచట పుట్టినదో యెరిగినవారు కొందరే. ఇటలీభాషలో నూలు వడకువారు దూదిని తగిలించుకొను కదురుకర్రకు రొక్కా యని పేరు. చిన్న కర్ర రొక్కెట్టో. అది ఫ్రెంచివారి నోట రోషె యయ్యెను. ఆంగ్లేయుల నోట రాచెట్ యయ్యెను. ఆకసమునకెగయు రాకెట్టు పేరుకూడ ఆ యింటిపేరే, దాని యాకారము కదురుకర్రను పోలుటచేత. కావున ఈ పదము కమ్మరికొలిమిలో పుట్టినది కాదు, నూలు వడకువారి పంచలో పుట్టినది. నేతవారి విషయమున దీనిని వాడుటకు మాకు హక్కుగలదని చెప్పుటకే ఈ వంశావళిని విప్పితిమి.

ఈ చక్రము చేయు మేలు అంతింత కాదు. 2019లో పెనుకొండ చెంత ఎఱ్ఱమంచివద్ద కియా కర్మాగారము వెలసినది. అటువంటి కర్మాగారములలో తయారగు కార్లలో సీటుకు కట్టుకొను పట్టీయున్నదిగదా! కారు దేనికైన గ్రుద్దుకొన్న క్షణమున పట్టీచుట్టపు పండ్లలో కొక్కెము పడి, పట్టీ సాగకుండ నిలిపి మనుష్యుని ప్రాణము కాచును. చేతితో లాగు బ్రేకు కిర్రుమని నిలుచుటకు కారణమును ఇదియే. హిందూపురము నుండి బెల్లపు బస్తాలను, చింతపండును మోయు లారీలపై సరుకును బిగించు పట్టీలకును ఇదియే యాధారము. బరువును మోయుచున్నవాడు చేయి తీసినను బరువు జారకుండ నిలుపుటయే దీని ధర్మము.

ఇక దీని రెండవ యర్థమునకు వత్తము. ఏదేని యొక వ్యవహారము ఒక దిక్కునకు సులభముగా కదలి, మరల వెనుకకు రానిదైనపుడు దానిని పండ్లచక్రమని లోకము వాడుచున్నది. ఆపత్కాలమున పెరిగిన పన్ను ఆపద తీరినను తగ్గదు. కరవునాడు చేసిన అప్పు పంటనాడు తీరదు. కలిగిననాడు అలవాటైన వ్యయము లేనినాడు తగ్గదు. ఈ చివరిదానిని అమెరికాదేశపు అర్థశాస్త్రజ్ఞుడు డ్యూసెన్‌బెర్రీ 1949లో తన గ్రంథమున శాస్త్రముగా నిరూపించెను. మన యిండ్లలోని ముసలమ్మ లా సంగతిని అంతకు పూర్వమే యెరుగుదురు.

చక్రము మంచిదా చెడ్డదా యని యడుగుట తెలివితక్కువ. అడుగవలసిన ప్రశ్నలు రెండు. పండ్లు ఏవైపునకు వాలియున్నవి? కొక్కెము ఎవని చేతిలో నున్నది? మగ్గముమీద పండ్లు నేతపనివాని లాభమును కాచునట్లు వాలియున్నవి, కొక్కెము అతని చేతికందునంత చేరువనున్నది. మగ్గము దిగి వీధిలోనికి వచ్చినంతనే పండ్లు తలక్రిందులగుచున్నవి. అచట నిలుచునది అతని నష్టము, జారునది అతని లాభము. కొక్కెమో, అతని చేతి కందదు. మేము చెప్పదలచిన దంతయు నింతియే. ఇక సాక్ష్యములను చూపుచున్నాము.

మన సీమచరిత్రలోనే మొదటి సాక్ష్యము గలదు. 1800లో నైజాము ఈ మండలములను కుంఫిణీ వారికి దత్తము చేసెను. తామస్ మన్రో ప్రధాన కలెక్టరై వచ్చి, భూములను కొలిపించి, రైతువారీ శిస్తులను నిర్ణయించెను. ఏడేండ్లు పనిచేసి 1807లో స్వదేశమునకు పోవుచు, నిర్ణయించిన శిస్తు రైతు మోయలేనంత యున్నదనియు, మెట్టమాగాణులపై నాల్గవవంతు తగ్గింపవలెననియు తానే పైవారికి వ్రాసెను. పైవా రంగీకరింపలేదు. శిస్తు తగ్గుటకు మారుగా గ్రామములను గుత్తకిచ్చు పద్ధతి వచ్చెను. 1820లో ఆ మన్రోయే మద్రాసు గవర్నరై వచ్చిన పిమ్మటగాని ఆ తగ్గింపు జరుగలేదు. శిస్తును నిర్ణయించినవాడే తప్పొప్పుకొనినను, దానిని దించుటకు పదుమూడేండ్లు పట్టెను. ఎత్తుటకు ఒక్క కలెక్టరు చాలెను, దించుటకు గవర్నరు కావలసివచ్చెను! పండ్లచక్రమనగా నేమో ఇంతకంటె విశదముగా చెప్పువారెవరు?

రెండవ సాక్ష్యము ఆదాయపుపన్ను. 1857 తిరుగుబాటు నణచుటకైన వ్యయమును పూడ్చుకొనుటకు జేమ్స్ విల్సన్ దొర 1860లో దీనిని అయిదేండ్ల ముచ్చటగా తెచ్చెను. 1865లో అది గడువు తీరి పోయెను. నాలుగేండ్లు గడవకముందే 1869లో మరల వచ్చెను. కొంతకాలము పోయెను, వచ్చెను, తుదకు 1886 చట్టముతో స్థిరపడెను. ఆ పన్ను కూడదని మేము వాదించుట లేదు. కలవాని యాదాయముమీద పన్ను న్యాయమైనదే. తాత్కాలికమను మాటకు ప్రభుత్వముల నిఘంటువులో అర్థమేమో చూపుటకే దీని నుదాహరించితిమి.

మూడవ సాక్ష్యము ఉప్పుపన్ను. ఇది మాకు ధైర్యము చెప్పు సాక్ష్యము. 1923లో శాసనసభ కాదన్నను రీడింగు ప్రభువు తన ప్రత్యేకాధికారముచేత మణుగు ఉప్పుమీది పన్నును రూపాయి పావలానుండి రెండున్నర రూపాయలకు పెంచెను. మరుసటి సంవత్సరమే అది తగ్గవలసివచ్చెను. 1930లో గాంధీమహాత్ముడు దండియొద్ద పిడికెడు ఉప్పు నెత్తెను. 1947లో ఆ పన్నే రద్దయ్యెను. కొక్కెమును ప్రజలు ఎత్తగలరని దీనివలన తేలుచున్నది. అది ప్రకృతి నియమము కాదు, దైవలిఖితము కాదు. మనుష్యుడు చేసి తగిలించిన యినుపముక్క. తగిలించినవాడు మనుష్యుడైనపుడు, తీయువాడును మనుష్యుడే కావలెను.

ఇపు డీ నాటికి వత్తము. హిందూపురపు పట్టుగూళ్ల సంత దక్షిణదేశమున పేరుపడినది. మల్బరీ వేసిన రైతు పురుగుల నారాటపడి పెంచి, గూళ్లు కట్టించి, సంచులకెత్తి యచటికి తెచ్చును. ఆ సరుకు ఆగునది కాదు. ఎక్కువ దినము లుంచినచో లోనిపురుగు రెక్కలు తొడిగి గూటిని చీల్చుకొని పోవును. అంతకుముందే దినదినమును బరువు తగ్గును. కావున ధర నచ్చలేదని రైతు సంచి నెత్తుకొని యింటికి పోజాలడు. పోయినను, తిరిగివచ్చునాటికి అమ్ముటకు మిగులునది స్వల్పము. కొనువాని కాలము నిలిచియుండును, అమ్మువాని కాలము కరగుచుండును. అతని చక్రమునకు కొక్కెమే లేదు!

ఈ రైతునకు కొంత యాశ్రయముగా నుండినది విదేశపు పచ్చిపట్టుమీది దిగుమతి సుంకము. 2011లో కేంద్రప్రభుత్వము దానిని నూటికి 30 నుండి 5కు ఒక్కమారుగా దించెను. మగ్గములకు పట్టు చౌకయగునని చెప్పిరి. గూళ్ల ధర పడిపోయి, పట్టురైతులు వీధులకెక్కిరి. 2013లో సుంకము 15కు పెరిగెను. 2016లో మరల 10కి దిగెను. 2021లో మరల 15 అయ్యెను. పాఠకులు లెక్కచూడుడు: దిగుట ఒక్క దినమున 25 మెట్లు. ఎక్కుట పదేండ్లలో, మధ్య నొకమారు జారి, 10 మెట్లు. 30 అను పాతమెట్టు నా పదేండ్లలో మరల ముట్టనేలేదు.

నేతపనివానికి పట్టు చౌకగా దొరకుట మంచిది కాదా యని యెవరైన నడుగవచ్చును. మంచిదే. కాని సుంకము దిగిన దినమున అతని కూలి పెరిగెనా? పట్టు ధర పెరిగినపుడు చీర ధర పెరుగును. పట్టు ధర తగ్గినపుడు చీర ధర తగ్గుట అంగళ్లలో నెవరైన చూచిరా? నడుమ మిగిలినది రైతునకును చేరదు, నేతపనివానికిని చేరదు. గూటివాని నష్టమును మగ్గమువాని లాభముగా చూపి, ఇరువురిని ఎదురెదుట నిలిపి, నడుమనున్నవాడు తప్పించుకొనుచున్నాడు. హిందూపురమును ధర్మవరమును శత్రువులు కావు. ఒకే దారపు రెండు కొనలు.

ధర్మవరపు మాట ప్రత్యేకముగా చెప్పవలెను. 1985లో పార్లమెంటు చేనేతకు కొన్ని వస్త్రములను ప్రత్యేకించుచు చట్టము చేసెను. అందుక్రింద 22 రకములను మరమగ్గములమీద నేయరాదనిరి. మరమగ్గముల యజమానులు న్యాయస్థానముల కెక్కిరి. 1993లో సుప్రీముకోర్టు చట్టము చెల్లునని తీర్పుచెప్పెను. న్యాయస్థానమున గెలిచిన చేనేత కచ్చేరిలో నోడిపోయెను, ఏలయన పిమ్మట ఆ 22 రకములు 11 అయ్యెను. సగము పోయినవి. మిగిలిన వానిలో చీర యున్నది. ఉన్ననేమి? చేతిమగ్గపు పేరు పెట్టుకొని మరమగ్గపు చీరలు అంగళ్లలో వెలయుచున్నవని ధర్మవరపు నేతవారు ఎన్ని మారులు మొరపెట్టుకొనలేదు! చట్టము కాగితముమీద నున్నది, తనిఖీచేయు కన్ను లేదు.

మరమగ్గముమీద కూలికి నిలుచువాడు మాకు శత్రువు కాడు. అతడును బీదవాడే, తరచుగా నిన్నటి చేనేతపనివాడే. మా తగవు మరమగ్గముతో కాదు, మరమగ్గపు సరుకును చేతిపనియని యమ్ము మోసముతో. నాణెమును కల్తీచేసిన వానిని శిక్షింతురు. ధర్మవరపు పట్టుచీరకు భౌగోళిక సూచిక ముద్రగూడ లభించినదిగదా! ఆ పేరును కల్తీచేసిన వానికి శిక్ష యేల లేదు?

ఇక కల్యాణపథకముల మాట. 2015 మొదలు ఆగస్టు 7వ తేదీ జాతీయ చేనేతదినముగా జరుగుచున్నది. 1905లో కలకత్తాలో స్వదేశీ యుద్యమము వెలువడిన దినమది. 2020 జూలై నెలాఖరున కేంద్రము అఖిలభారత చేనేతమండలిని రద్దుచేసెను. రెండు వారములు తిరుగకముందే చేనేతదినము వచ్చెను, అభినందనములు వెలువడెను. చేనేతవారి మాట ప్రభుత్వము చెవిని వేయుటకుండిన పీటను తీసి, పూలదండ వేసిరి!

2019 డిసెంబరులో రాష్ట్రప్రభుత్వము ధర్మవరముననే నేతన్ననేస్తమను పథకము నారంభించి, సొంతమగ్గము గలవానికి ఏటికి 24,000 రూపాయ లిచ్చెను. ఇచ్చినదానిని కాదనము. తీసికొన్న యిండ్లలో పొయ్యి వెలిగినది. కాని యొకరి మగ్గముమీద కూలికి నేయువాని కది రాలేదు. అంతకంటె ముఖ్యమైన సంగతి మరియొకటి గలదు. ఇట్టి మేళ్లకు పండ్లు లేవు. ప్రభుత్వము మారినచో పేరు మారునో, మొత్తము మారునో, అసలు వచ్చునో రాదో నేతపనివాడు చెప్పజాలడు. ప్రకటనగా వచ్చినది ప్రకటనగానే పోవచ్చును.

పెనుకొండ దిక్కు చూడుడు. 2017లో కార్లసంస్థ రాష్ట్రప్రభుత్వముతో ఒప్పందము చేసికొన్నది. భూమి, నీరు, త్రోవ, రాయితీలు, అన్నియు కాగితములమీద వ్రాసి సంతకములు చేసిరి. రాయలసీమలో నీటిచుక్క ఎంత యరుదో యెల్లరెరిగినదే. అయినను గొల్లపల్లి జలాశయపు నీరు ఆ కర్మాగారమునకు చేరినది. పిల్లలకు పనులు దొరకినవి. మేము సంతసించుచున్నాము. మా యసూయ కార్లమీద కాదు, ఒప్పందముమీద. పెద్దసంస్థకు ఒప్పందము, నేతపనివానికి ప్రకటన! ఒప్పందమునకు పండ్లున్నవి, జారినచో న్యాయస్థానము గలదు. ప్రకటనకు పండ్లు లేవు, జారినచో మరుసటి యెన్నికయే గతి. ఒకే జిల్లాలో, కొలది మైళ్ల యెడములో, ఇట్టి భేదమేల?

ఈ జారుడు ఫలితమును ప్రభుత్వపు లెక్కలే చెప్పుచున్నవి. 1995-96 చేనేతగణనలో దేశమున నేతవారును అనుబంధపనులవారును కలసి 65 లక్షలకు పైగా నుండిరి. 2009-10లో 43 లక్షలు. 2019-20లో 35 లక్షలు. ఆ కడపటి గణనప్రకారము నేతకుటుంబములలో మూడింట రెండువంతులు నెలకు 5,000 రూపాయలకు లోపుగా సంపాదించుచున్నవి. కుటుంబమనగా ఆసు పోయు ముసలితల్లి, కండెలు చుట్టు భార్య, పడుగుపోగుల నతుకు పిల్ల, మగ్గమున కూర్చుండు మగవాడు. అందరి చేతులకు కలసి ఆ మొత్తము! ఇట్టి యిండ్లనుండి ఆత్మహత్యల వార్తలు వెలువడుటలో వింతయేమున్నది? అట్టి వార్తలు ధర్మవరమునుండియు వచ్చినవి. చదివి పుట త్రిప్పితిమి.

ఈ యిండ్లలో నన్నిటికంటె కఠినమైన పండ్లచక్రము షావుకారు బాకీ. నేతపనివాడు పెండ్లికో, రోగమునకో, మగ్గము మరమ్మతునకో కొంత బయానా తీసికొనును. ఆ బయానా తీరువరకు ఆ షావుకారునకే నేయవలెను. కూలి బేరమాడు స్వాతంత్ర్యము ఆ దినముతో పోవును. కూలి తక్కువగుటచే మిగులు లేదు, మిగులు లేకుండుటచే మరల బయానా. టక్కు టక్కుమని చక్రము ముందునకే తిరుగును. తండ్రి బాకీ కొడుకు లెక్కలో చేరును. షావుకారులందరును దుర్మార్గులని మేమనము. వారిలో పలువురు నిన్నటి నేతవారే, ఊరపేరుకు దేశమున విలువ తెచ్చినవారే. మనుష్యులు మంచివారైనను చక్రము చక్రమే.

ఈ బాకీని తీర్చుటకు ప్రభుత్వములు యత్నింపకపోలేదు. 1938లో మద్రాసు ప్రభుత్వము ఋణవిమోచన చట్టము చేసెను. అది సాగుభూమిపై హక్కుగల వ్యవసాయదారుల కొరకు. సెంటు భూమి లేని నేతవా డందు చేరలేదు. 2011లో కేంద్రప్రభుత్వము చేనేత బాకీల మాఫీకి 3,884 కోట్ల రూపాయల యేర్పాటు నొకదాని ప్రకటించెను. అది బ్యాంకుల బాకీలకు, సహకారసంఘముల బాకీలకు. ధర్మవరపు వీధిలో బాకీ షావుకారు చిట్టాలో నుండును. బ్యాంకు గడప త్రొక్కని వానికి బ్యాంకు బాకీమాఫీ యేమి చేయును?

ఇచట మెకానిక్కు నొకని యడిగినచో మంచి సంగతి యొకటి చెప్పును. బరువు వ్రేలాడుచున్న చక్రముమీద కొక్కెము నూరక లాగినచో రాదు. బరువంతయు దానిమీదనే నిలిచియున్నది. బలవంతముగా పెరికినచో చక్రము గిర్రున తిరిగి బరువు నేలబడును, చేయి విరుగును. మొదట చక్రమును కొంచెము ముందునకు త్రిప్పి, బరువును తన చేతిలోనికి తీసికొని, అపుడు కొక్కెము నెత్తవలెను. బాకీల విషయమునను ఇంతియే. బాకీలన్నియు రద్దని యొక్క శాసనము చేసి యూరకుండినచో, మరునాడు నేతవానికి పట్టు నిచ్చువాడుండడు, మగ్గము నిలిచిపోవును. మొదట బరువును పట్టుకొనువాడు కావలెను. పట్టును అప్పుగా నిచ్చి, చీరను సకాలమున కొని, రొక్క మిచ్చు సహకారసంఘము కావలెను. అది నిలిచిన పిమ్మట షావుకారు కొక్కెము తనంతట తానే తేలిపోవును.

కాలచక్రము వెనుకకు తిరుగదు, యంత్రము వచ్చిన పిమ్మట చేతిపని పోవలసినదేయని చెప్పు బుద్ధిమంతులు మన పఠనమందిరములలోనే కలరు. వారి కొక ప్రశ్న. యంత్రము తనంతట తాను గెలిచినచో, చేతిమగ్గపు పేరును దొంగిలింపవలసిన యవసరము దాని కేల కలిగినది? చౌకయగు వస్తువు తన పేరుతోనే యమ్ముడుపోవలెను. చేతినేతకు విలువ లేకున్న దాని ముద్రను వేసికొనువారుండరు. కావున చేనేత చచ్చుట లేదు, చంపబడుచున్నది. కాలముమీద నేరము మోపుట కుదరదు. కాలము 22ను 11 చేయలేదు. సంతకములు చేసినవి చేతులు.

ఇతరుల తప్పులను లెక్కపెట్టితిమి. మన తప్పును చెప్పుకొనక తప్పదు. మన యిండ్ల పెండ్లిండ్ల వ్యయముకూడ పండ్లచక్రమే. అన్నయింట జరిగినదానికంటె తమ్ముని యింట తక్కువ జరుగరాదు. మండపమునకు, భోజనములకు, దీపములకు, ఛాయాచిత్రములకు వ్యయము ఏటేట నొక్కొక్క పన్ను ముందునకే పోవుచున్నది. ఆ పెండ్లి బడ్జెట్టులో మనము బేరమాడునది యొక్క చీరయొద్దనే! అచట వేయి రూపాయలు తగ్గించి, చేతిదో మరదో యడుగక, జరీ మెరసినచో చాలునని కొని వత్తుము. పిల్ల కట్టుకొన్నది ధర్మవరమని నలుగురితో చెప్పుదుము. మరమగ్గపు చీరకు ధర్మవరపు పేరు పెట్టినవాడు ఒక్క అంగడివాడేనా? నమ్మినట్లు నటించిన మనము కామా?

కావున మేము కోరునవి వ్రాయుచున్నాము. 1985 చట్టమును అమలుపరచు తనిఖీదారులు ధర్మవరమున, హిందూపురమున ప్రత్యేకముగా నుండవలెను. వారు పట్టుకొన్న కేసులలెక్క ఏటేట ప్రజలకు ప్రకటింపబడవలెను. మిగిలిన 11 రకములలో నొక్కటియు తగ్గరాదు, తగ్గింపవలెనన్నచో పార్లమెంటున చర్చ జరుగవలెను. నేతకూలిని జీవనవ్యయముతో కట్టివేయవలెను. బియ్యపు ధర యొక పన్ను ముందునకు పోయినపుడు కూలియు నొక పన్ను పోవలెను, వెనుకకు రారాదు. నేతవారికిచ్చు సాయము ప్రకటనగా కాక శాసనముగా నుండవలెను, సొంతమగ్గము లేని కూలివానికిని చేరవలెను. పచ్చిపట్టు సుంకమును దించునపుడు గూళ్లకు కనీసపుధర నేర్పరచి దింపవలెను. ఇందు గొంతెమ్మకోరిక యొక్కటియు లేదు. కార్లసంస్థ కిచ్చిన మాటకుండిన పట్టుదలలో పదవవంతు చాలును.

పాఠకమహాశయులకు మా విన్నపము చిన్నది. చీరకొనునపుడు చేతిమగ్గపు ముద్రను అడుగుడు. లేదన్నచో ఆ యంగడి గడప దిగుడు. మీ పఠనమందిరమున ఒక సాయంకాలము పై కోరికలను చదివి, తీర్మానించి, మీ శాసనసభ్యునికి పంపుడు. ఒక పిడికెడు ఉప్పు నెత్తిననాడు నవ్వినవారు కలరు. పదునేడేండ్లలో ఆ పన్ను పోయినది.

రేపు ప్రొద్దున ధర్మవరపు వీధిలో ఆ టక్కుమను చప్పుడు మరల వినవచ్చును. నేతపనివాడు జానెడు బట్టను చుట్టి, అది జారదను నమ్మకముతో ముందునకు వంగి నాడెను విసరును. మగ్గము అతని కిచ్చిన ఆ నమ్మకమును దేశమే యతని కీయకున్నది. కొక్కెమును తగిలించిన చేతులు మనవి. ఎత్తవలసిన చేతులును మనవే.